వేర్వేరు వయసుల పసిపిల్లలకు ఉమ్మడి వంట

ఆరు నెలలు నిండిన శిశువు మొదలు అయిదేళ్లలోపు పిల్లల వరకు, వేర్వేరు వయసుల వారికి ఒకే పొయ్యి మీద, ఒకే దినుసులతో వండి, మెత్తదనం, చిక్కదనం, ఉప్పుకారాలు మాత్రం ఎవరికి తగ్గట్టు వారికి మార్చి పెట్టడాన్ని ఈ వ్యాసంలో ఉమ్మడి వంట అంటున్నాం. ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలున్న ఇళ్లలో, ఉమ్మడి కుటుంబాల్లో, అంగన్‌వాడీల్లో, శిశు సంరక్షణ కేంద్రాల్లో ఇది రోజువారీ పని. ఆరు నెలలలోపు శిశువుకు తల్లిపాలే పూర్తి ఆహారం కనుక ఆ వయసు ఈ పరిధిలోకి రాదు (చూ. స్తన్యపానం). పద్ధతి అంతా ఒక్క విషయం మీద నిలుస్తుంది: వంట సాగుతుండగా ఏ దశలో ఎవరి వాటా పక్కకు తీయాలి అన్నది.

వయసు, ఆకలి, మెత్తదనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధాహార కాలాన్ని 6–8, 9–11, 12–23 నెలల దశలుగా విడదీసి చూస్తుంది. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు ఇతర ఆహారం నుంచి రోజుకు అందవలసిన శక్తి ఈ మూడు దశల్లో సుమారు 200, 300, 550 కిలోకేలరీలు. మొదటి దశలో రోజుకు 2–3 పూటలు, ఆ తర్వాత 3–4 పూటలు పెట్టాలి. ఆకలిని బట్టి మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి ఇవ్వవచ్చు. మొదటి రోజుల్లో రెండు మూడు చెంచాలు చాలు. క్రమంగా అది 250 మి.లీ. గిన్నెలో సగానికి, రెండో ఏట ముప్పావు నుంచి నిండు గిన్నెకు పెరుగుతుంది.

ఈ అంకెల వెనుక ఉన్నది పొట్ట పరిమాణం. పసిబిడ్డ కడుపు ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 గ్రాములు. ఏడు కిలోల బిడ్డకు 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ. పలచటి పప్పుకట్టుతోనో చారుతోనో ఆ కడుపు నిండిపోతే ఆకలి తీరుతుంది కానీ బలం చాలదు. అందుకే బిడ్డ ముద్ద చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా ఉండాలని ఆరోగ్య కార్యకర్తలు తల్లులకు చూపిస్తారు. పప్పు వండి పైతేట మాత్రమే బిడ్డకు పట్టడం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ కనిపించే అలవాటు. బలమంతా అడుగున ఉన్న ముద్దలోనే ఉండిపోతుంది కనుక ఈ అలవాటు మానవలసిందే.

మెత్తదనాన్ని నిర్ణయించేవి బిడ్డ నోరు, చేతులు. ఆరు నెలలకు మెడ నిలుస్తుంది, ఆనుకుని కూర్చోగలుగుతుంది, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టే స్వభావం తగ్గుతుంది. అప్పుడు పలుకు లేకుండా మెదిపినది కావాలి. ఎనిమిది నెలలకు మెత్తని ముక్కను వేళ్లతో పట్టుకుని నోటికి తీసుకెళ్లగలదు. ఏడాదికి ఇంట్లో అందరూ తినేదే, కారం తగ్గించి, చిదిపి పెడితే తినగలదు. ఈ మెట్లు ఎక్కించడంలో ఆలస్యం మంచిది కాదు. ఇంగ్లండులోని ఏవన్ ప్రాంతపు పిల్లలపై 2001లో వెలువడిన అధ్యయనం, పది నెలలు దాటాక గానీ పలుకున్న ఆహారం రుచి చూడని పిల్లల్లో తర్వాత తిండి పేచీలు ఎక్కువని గమనించింది. మిక్సీలో మెత్తగా రుబ్బినదే ఏడాది దాకా పెట్టే ఇళ్లకు ఈ సంగతి తెలియడం అవసరం.

చరిత్ర

పసిబిడ్డకు ఇంటి వంట నుంచే తీసి పెట్టడం ప్రాచీనమైన పద్ధతి. వేడుకగా పరమాన్నం నాకించే అన్నప్రాసన, వేయించిన బియ్యం పప్పులు విసిరి వండే ఉగ్గు, రాగి జావ, నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం తెలుగు నేల మీద ఈ పద్ధతికి పాత రూపాలు. అన్నప్రాసనను చాలా కుటుంబాలు ఆరో నెలలో, ఆడపిల్లలకు కొన్నిచోట్ల అయిదో నెలలో చేస్తాయి. ఆ రోజు చేసేది నామమాత్రపు రుచి చూపు కనుక, రోజూ ఆహారం పెట్టడం ఆరు నెలలు నిండాకే అన్న నేటి సలహాతో దానికి పెద్ద విరోధం లేదు.

పిల్లల తిండి విడి సరుకుగా మారింది 19వ శతాబ్దపు ఐరోపాలో. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1860లలో శిశు ఆహార మిశ్రమాన్ని రూపొందించాడు. 1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే పాలు, గోధుమ పిండి కలిపిన ఆహారాన్ని విక్రయించాడు. అమెరికాలో వడగట్టిన కూరగాయల డబ్బాలను గెర్బర్ కుటుంబం 1928లో మార్కెట్లోకి తెచ్చింది. భారతదేశంలో గేదెపాలతో శిశు ఆహారం తయారుచేసే విధానాన్ని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1950లలో అభివృద్ధి చేయగా, అమూల్ దాన్ని ఉత్పత్తిలోకి తెచ్చింది. డబ్బా ఆహారాల ప్రచారం తల్లిపాలను దెబ్బతీయకుండా 1992లో పార్లమెంటు చట్టం చేసింది, 2003లో దాన్ని మరింత కట్టుదిట్టం చేసింది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న సలహా కూడా మారింది. అంతకుముందు 4–6 నెలల మధ్య అని చెప్పేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని తీర్మానించింది. నాలుగో నెలలోనే ఉగ్గు పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పడానికి ఆ పాత సలహాయే నేపథ్యం. వారు తమ కాలంలో వైద్యులు చెప్పిన మాటనే చెబుతున్నారు.

వాటా తీసే దశ

తెలుగు వంటలో చాలా వంటకాలు ఉమ్మడి వంటకు సహజంగానే అనువుగా ఉంటాయి. కారణం వంట జరిగే క్రమం. పప్పు ముందు నీళ్లలో ఉడకాలి. పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు కనుక చింతపండు తర్వాతే వేస్తారు. ఉప్పు, కారం ఆ తర్వాత, పోపు చిట్టచివర. కుక్కరు మూత తీసిన క్షణం నుంచి పోపు పెట్టే వరకు ప్రతి మెట్టు దగ్గర ఒక వయసు వాటాను తీసుకోవచ్చు. కూరగాయల పప్పులు, పులుసులు, పప్పుచారు, మజ్జిగపులుసు అన్నీ ఈ కోవలోవే. ఇగురు, వేపుడు, మసాలా కూరల్లో కారం మొదట్లోనే నూనెలో పడిపోతుంది. అక్కడ వాటా తీసే దశ ముక్కలు ఉడికించేటప్పుడే, అంటే వంట మొదట్లోనే రావాలి. బిర్యానీలో ఆ దశ లేనే లేదు. అది వండిన రోజు పిల్లలకు విడిగా ఏదో ఒకటి ఉడికించక తప్పదు.

బీరకాయ పెసరపప్పునే తీసుకుంటే, ఏడు నెలల బిడ్డ, ఏడాదిన్నర బిడ్డ, మూడున్నరేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో పని ఇలా సాగుతుంది. పెసరపప్పు దోరగా వేయించి కడుగుతారు. లేత బీరకాయ చెక్కు తీసి, చేదు లేదని రుచి చూసి, ముక్కలు కోసి చిటికెడు పసుపుతో ఉప్పు లేకుండా ఉడికిస్తారు. మూత తీయగానే రెండు చెంచాల చిక్కటి పప్పు, అంతే మెత్తగా ఉడికిన అన్నం చిన్న గిన్నెలోకి తీసి, పప్పుగుత్తితో పలుకు లేకుండా మెదిపి, అర చెంచా నెయ్యి వేస్తే ఏడు నెలల బిడ్డ పూట సిద్ధం. కుక్కరులో మిగిలినదానిలో కాస్త ఉప్పు వేశాక ఏడాదిన్నర బిడ్డ వాటా తీస్తారు. ఇక్కడ మెదపడం ఉండదు. అన్నం వేళ్లతో చిదిపితే చాలు, బీరకాయ ముక్క కంటికి కనబడాలి, చేతికి దొరకాలి. ఆ తర్వాత నేతిలో జీలకర్ర, దంచిన వెల్లుల్లి వేసి మొదటి పోపు పెడితే మూడున్నరేళ్ల పిల్లకు పెద్దవాళ్ల వంట వాసన వస్తుంది. ఎండుమిర్చి, కారం రెండో పోపులో పెద్దవాళ్లకు. పోపు రెండుగా విడదీయడానికి కారణం ఉంది: మిరపలోని మంట పుట్టించే పదార్థం నూనెలో కరుగుతుంది. మిరపకాయలు ఏరి పారేసినా మంట నూనెలోనే ఉండిపోతుంది. పెద్దల కూరలో నుంచి ముక్కలు కడిగి బిడ్డకు పెట్టడం అందుకే పనిచేయదు.

రెండో మార్గం దీనికి తలకిందులు. పులగం, పొంగలి, కిచిడీ, ఉప్పులేని ఇడ్లీ పిండి వంటివాటిని అందరికీ చప్పగానే వండి, పైన కలిపేవి మాత్రం వేర్వేరుగా పెడతారు. పసిబిడ్డకు నెయ్యి, పెరుగు, నడిచే పిల్లకు కూర, పెద్దవాళ్లకు పచ్చడి, కారప్పొడి. ఇడ్లీ పిండిలో ఉప్పు కలిపే ముందే ఒక గరిటె పక్కకు తీసి మొదటి వాయిలో రెండు గుంతల్లో పోస్తే సరిపోతుంది.

మాంసాహారం వండే ఇళ్లలో గుడ్డు అన్నిటికన్నా సులువు. గట్టిగా ఉడికిన గుడ్డులో సొన మెదిపి తల్లిపాలతోనో పప్పుతోనో కలిపితే శిశువుకు, చీలికలుగా కోస్తే పెద్ద పిల్లలకు. చేపల్లో ముళ్లు తక్కువైన కొర్రమీను పిల్లలకు అనుకూలం. పులస వంటివి రుచికి ఎంత పేరున్నా ముళ్ల వల్ల ఈ వయసుకు తగవు. కోడి కార్జం కొద్దిగా ఉడికించి మెదిపి పెడితే ఇనుము బాగా అందుతుంది.

పిండి మిశ్రమాలు, మొలకల పిండి

ఒకసారి చేసుకుని నెల రోజులు వాడే పొడులు ఉమ్మడి వంటలో మరో శాఖ. ఒకే పొడిని శిశువుకు జావగా, రెండేళ్ల బిడ్డకు గట్టి ముద్దగా, నాలుగేళ్ల వారికి లడ్డూగా చేయవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇక్కడికి వచ్చింది. పోషణలోపం ఉన్న పిల్లల కోసం అది రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ ఈ తరహాలో ప్రసిద్ధం. వేయించిన గోధుమలు 40, వేయించిన శనగపప్పు 16, వేరుశనగలు 10, బెల్లం 20 గ్రాములు కలిస్తే 86 గ్రాముల ఆ పొడి నుంచి 330 కిలోకేలరీల శక్తి, 11.3 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. బెల్లం అక్కడ శక్తి కోసం చేర్చినది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇంట్లో ఇలాంటి పొడి చేసేటప్పుడు దాన్ని వదిలేయడం నేటి సలహాకు దగ్గరగా ఉంటుంది.

జావ చిక్కగా ఉంటే బిడ్డ మింగలేదు, పలచన చేస్తే బలం చాలదు. ఈ చిక్కుముడికి మొలకల పిండి ఒక పరిష్కారం. గింజ మొలకెత్తేటప్పుడు పుట్టే అమైలేజ్ ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అందువల్ల ఎక్కువ పిండి పోసినా జావ జారుగానే ఉంటుంది. 1980లలో మైసూరులో మల్లేషి, దేశికాచార్ రాగుల మీద, బరోడాలో తారా గోపాల్‌దాస్ బృందం గోధుమల వంటి ధాన్యాల మీద చేసిన పరిశోధనలు దీన్ని శాస్త్రీయంగా నిలబెట్టాయి. ఇంట్లో చేసే తీరు: రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, మొలకలు రాల్చి, సన్నని సెగ మీద వేయించి పిండి పట్టిస్తారు. మాడేదాకా వేయిస్తే ఎంజైమ్ నశించి శ్రమ వృథా అవుతుంది. నానబెట్టి మొలకెత్తించడం వల్ల ఇనుము ఒంటపట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు కూడా తగ్గుతాయి. జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మి.గ్రా. కాల్షియం ఉంటుంది (చూ. చిరుధాన్యాలు).

తినిపించడం

ఒకే చోట, ఒకే వేళకు కూర్చోబెట్టడం ఉమ్మడి వంటలో సగం ఫలితం. అన్నయ్య తినేది చూసి చంటిది నోరు తెరుస్తుంది. అయితే మెలకువ కూడా అక్కడే కావాలి. మూడేళ్ల పిల్లవాడు ప్రేమగా తన పల్లీ గింజను చెల్లి నోట్లో పెట్టడం ఏ ఇంట్లోనైనా జరగగలదు. చిన్నవారికి పనికిరానివి ఆ పూట ఎవరి కంచంలోనూ లేకపోవడమే నమ్మకమైన ఉపాయం.

ఎంత తినాలన్నది ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నపై తొలి ప్రసిద్ధ ప్రయోగం క్లారా డేవిస్ అనే అమెరికన్ శిశువైద్యురాలిది. తల్లిపాలు మాన్పించిన 15 మంది పిల్లల ముందు ఉప్పు మసాలా లేని ముప్పైకి పైగా ఆహారాలు ఉంచి, నచ్చింది తిననిచ్చారు. రోజుకో రకంగా తిన్నా అందరూ చక్కగా ఎదిగారని ఆమె 1939లో వివరించారు. ఎంపిక పిల్లలదైనా, ఎదుట పెట్టినవన్నీ పౌష్టికమైనవే కావడం అందులో ప్రధానాంశమని ఆమే స్పష్టం చేశారు. ఏం, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దలవి, తినడమా మానడమా, ఎంత అన్నవి బిడ్డవి అని ఎల్లిన్ సాటర్ తర్వాత చెప్పిన బాధ్యతల విభజన ఈ ఆలోచనకు దగ్గరిది.

తెలుగు నేల మీద దీనికి గట్టి ఆధారం నల్లగొండ జిల్లాలో దొరికింది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం 60 గ్రామాల్లో తల్లులకు ఆహారం గురించి, ఒక వర్గానికి అదనంగా బిడ్డ సంకేతాలు గమనించి తినిపించడం, ఆడించడం గురించి నేర్పింది. 2013లో వెలువడిన ఫలితాల్లో శిక్షణ పొందిన తల్లుల పిల్లలు మెరుగైన ఆహారం తిన్నారు. తినిపించే తీరు కూడా నేర్పిన వర్గంలో పిల్లల మానసిక వికాస సూచిక మెరుగ్గా ఉంది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టే అలవాటులో మంచి ఉంది. బిడ్డ తల తిప్పుకున్నాక కూడా సెల్‌ఫోను చూపించి కుక్కడంలో ఆ మంచి లేదు.

జాగ్రత్తలు

గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఈ వయసులో అతి పెద్దది. గుండ్రటివి, గట్టివి, జారేవి ముఖ్యంగా ప్రమాదకరం: పల్లీలు, ద్రాక్షపండ్లు, మొక్కజొన్న పేలాలు, పచ్చి క్యారెట్, కొబ్బరి ముక్కలు, రేగుపండ్ల గింజలు. ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేయాలి, పల్లీలను పొడిగానో ముద్దగానో పెట్టాలి. పడుకోబెట్టి పోయడం, పరుగెత్తే బిడ్డ వెంటపడి పెట్టడం రెండూ మానాలి.

ఏడాది నిండేవరకు తేనె ఇవ్వకూడదు. అందులో ఉండగల క్లాస్ట్రిడియం బొటులినం బీజాలు శిశువు పేగుల్లో విషం పుట్టించగలవు. పుట్టగానే తేనె నాకించే ఆచారానికీ ఇదే అభ్యంతరం. ఏడాది లోపు ఉప్పు, రెండేళ్ల లోపు చక్కెర కలపనవసరం లేదు. టీ ఇనుమును ఒంటపట్టనివ్వదు కనుక బిస్కెట్‌తో ముంచి ఇచ్చే టీ ఏ వయసు పసివారికీ పనికిరాదు. పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం మాత్రం ఇనుము శోషణకు సాయపడుతుంది.

ఎలర్జీల భయంతో పల్లీ, గుడ్డు ఆలస్యం చేయాలన్న పాత సలహా వీగిపోయింది. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న శిశువులకు తొలి ఏడాదిలోనే పల్లీ తగిన రూపంలో ఇచ్చినప్పుడు పల్లీ ఎలర్జీ బాగా తగ్గిందని 2015లో లండన్ పరిశోధకులు చూపారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డ విషయంలో ముందు వైద్యుణ్ని అడగాలి.

వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎంగిలి పడిన గిన్నెలో మిగిలినది తర్వాతి పూటకు దాచకూడదు. వాటాలు తీసేది శుభ్రమైన వేరే గరిటెతోనే. ఉమ్మడి వంటలో ఒక చేతి మురికి అందరికీ చేరుతుంది.

సంస్థల్లో ఉమ్మడి వంట

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కిలోకేలరీలు, 12–15 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందాలి. మూడేళ్లలోపు వారికి ఇంటికి ఇచ్చే సరుకుగా, 3–6 ఏళ్ల వారికి కేంద్రంలో వేడి భోజనంగా ఇది చేరుతుంది. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన బాలామృతం ఇంటికి వెళ్లాక తరచూ ఇంట్లో పిల్లలందరికీ పంచబడుతుంది. ఒక బిడ్డకు లెక్కగట్టిన వాటా అలా పలచబడటం పథకం తెలిసిన వారందరికీ ఎరుకే. అందులోని చక్కెరపై పోషకాహార నిపుణుల్లో అభ్యంతరాలున్నాయి.

భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ ప్రారంభించిన మొబైల్ క్రెష్‌లలో చంటిపిల్లలు, నడక పిల్లలు, బడి ఈడు పిల్లలు ఒకే కప్పు కింద ఉంటారు. ఇలాంటి కేంద్రాల్లో ఆయాలకు వంట కన్నా తినిపించడమే పెద్ద పని.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కల్లో 6–23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1, తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఇంట్లో పప్పు, ఆకుకూర, గుడ్డు వండుతున్నా పసిబిడ్డ గిన్నెలోకి అన్నం, పప్పుకట్టు మాత్రమే చేరడం కూడా ఈ అంకెల వెనుక ఉన్న కారణాల్లో ఒకటి. పేదరికం ఒక్కటే కారణం కాదు.

భిన్నాభిప్రాయాలు

చెంచాతో తినిపించకుండా మొదటి నుంచీ బిడ్డనే చేత్తో తిననివ్వాలన్న పద్ధతిని బ్రిటన్‌కు చెందిన జిల్ రాప్లీ 2008 నాటి పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చారు. దీనివల్ల ఉమ్మడి వంట తేలికవుతుంది. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంపై న్యూజిలాండ్‌లో, తల్లిదండ్రులకు జాగ్రత్తలు నేర్పి జరిపిన ప్రయోగంలో ప్రమాదాలు పెరగలేదు. ఇనుము చాలినంత అందుతుందా అన్నది మాత్రం ఏం పెడుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. పప్పన్నం తినే ఇళ్లలో చెంచా, చెయ్యి రెండూ కలిపి వాడటం సహజంగా సాగుతోంది.

అన్నం మీదే ఆధారపడే కుటుంబాలకు మరో విషయం. బియ్యంలో ఆర్సెనిక్ చేరే స్వభావం ఉన్నందున అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో శిశువుల బియ్యపు పొడులకు పరిమితి సూచించింది. అక్కడి తెలుగు ఇళ్లలో రాగి, ఓట్స్, జొన్న మార్చి మార్చి పెట్టమని వైద్యులు చెప్పేది ఇందుకే.

జబ్బు నాళ్లలో

ఇంట్లో ఒకరికి విరేచనాలు పట్టుకుంటే ఉమ్మడి గిన్నె ఆగిపోనక్కర్లేదు. జబ్బుపడిన బిడ్డకు తల్లిపాలు, మెత్తని పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెడుతూ, ఓఆర్‌ఎస్ ద్రావణం పట్టాలి. ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మి.గ్రా. జింకు 14 రోజులు ఇవ్వాలి. లంఖణం పెట్టడం, గంజి నీళ్లతో సరిపెట్టడం బిడ్డను ఇంకా నీరసపరుస్తాయి. ఆ బిడ్డ గిన్నె, చెంచా వేరుగా ఉంచి, తినిపించిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మిగతా పిల్లల వాటా ముట్టుకోవాలి. తేరుకున్నాక కనీసం రెండు వారాలు ఆ బిడ్డకు రోజూ ఒక పూట అదనంగా పెట్టాలి (చూ. అతిసారం, ఓఆర్‌ఎస్).